మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువ పని విరాసత్ (వారసత్వ ఆస్తి) మీదే

సభ్యులందరికీ నమస్కారం. బతుకమ్మకు ఎప్పటిలాగే అందరం కలిసి పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్లాం, వానలకు ముందే మోరీలు తీయించాం, జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం. మిగతా నివేదికంతా ఒక్క విషయమే, ఎందుకంటే ఈసారి మన దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగింది అదే: బాపుకు రెండు పెళ్లిళ్లు, భూమిలో ఎవరికెంత?

మొదట వచ్చింది పరకాల వైపు నుంచి హన్మకొండకు వచ్చి ఉంటున్న ఒక తల్లీకొడుకులు. ప్లాస్టిక్ కవర్లో పిల్లాడి టెన్త్ మెమో, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్. మెమోలో తండ్రి పేరున్న చోట ఆమె వేలు పెట్టి, మాట్లాడినంతసేపూ తీయలేదు. ఆయన పోయాక వారసుల పేర్లుండే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పిల్లాడి పేరు రాయలేదు, రెండో ఆమె కొడుక్కు హక్కు ఉండదని ఆఫీసులో చెప్పి పంపించారు.

ఆ మాట తప్పు. మొదటి భార్య బతికుండగా, విడాకులు కాకుండా చేసుకున్న పెళ్లి 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు, అందుకే రెండో ఆమెకు భార్యగా వాటా రాదు, అది చెప్పడానికి మాకూ బాధగానే ఉంది. పిల్లల సంగతి వేరు. అదే చట్టం 16వ సెక్షన్ వాళ్లను సక్రమ సంతానంగానే చూస్తుంది, హక్కు మాత్రం తల్లిదండ్రుల ఆస్తి వరకే. పిత్రార్జితంలో తండ్రి వంతుకు వచ్చేది కూడా తండ్రి ఆస్తే అని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది.

ఊళ్లో పెద్దమనుషులు భార్యల లెక్కన చెరి సగం అంటారు, చట్టం అట్లా పంచదు. 3 ఎకరాలు అనుకోండి, అంటే 120 గుంటలు. మొదటి భార్య, ఆమె కొడుకు, బిడ్డ, రెండో ఆమె కొడుకు ఉన్నారు, వీలునామా లేదు, ఆయన తల్లి కూడా లేదు. భూమి ఆయన సొంతంగా కొన్నదైతే నలుగురికీ 30 గుంటల చొప్పున వస్తుంది. తాతల నాటిదైతే ముందు తండ్రి, మొదటి భార్య కొడుకు, బిడ్డ మూడు వంతులు వేసుకోవాలి, తండ్రి వంతు 40 గుంటలే నలుగురికీ పంచుతారు. అంటే ఆ పిల్లాడికి 10 గుంటలు.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మొదటి భార్య ఇంటివాళ్ల టెన్షన్ సగం తగ్గింది. సగం భూమి పోతుందనే భయంతోనే ఇన్నాళ్లు పిల్లాడి పేరు దాచారు. "వాడు మా ఆయన బిడ్డె గదా, పేరు రాయించుండ్రి" అని చివరికి అన్నది పెద్దామె. కొత్త అర్జీ పెట్టాం, ఇంకా తేలలేదు.

మరో రెండు ప్రశ్నలు చాలామంది అడిగారు. మొదటి భార్య పోయాకో, విడాకులయ్యాకో చేసుకుంటే రెండో పెళ్లి చెల్లుతుంది, ఆమెకూ ఆమె పిల్లలకూ పూర్తి హక్కులుంటాయి, విడాకులైన ఆమె పిల్లల వాటా కూడా ఎక్కడికీ పోదు. మారుమనువులో తల్లి వెంట వచ్చిన బిడ్డకు మాత్రం దత్తతో వీలునామానో లేకపోతే మారుతండ్రి ఆస్తి రాదు, కన్నతండ్రిది వస్తుంది.

ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, అర్జీ రాయడానికి మేం సాయం చేస్తాం. వచ్చేటప్పుడు పాస్‌బుక్, డెత్ సర్టిఫికెట్, పిల్లల మెమోలు తెచ్చుకోండి, కుదిరితే రెండిళ్ల వాళ్లూ కలిసే రండి.