పాత ఫియట్‌ని తుక్కు అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది బరంపురం. మా నాన్నగారి ఫియట్ 1100 కారుని రేస్ ట్రాక్ కోసం మొత్తం విప్పేసి మళ్ళీ కడుతున్నాం, సీట్లు, డోర్ ప్యాడ్లు తీసేశాక ఫ్లోర్ మీద తారు షీట్ గీకుతుంటే డ్రైవర్ కాళ్ళ దగ్గర రేకు బిస్కెట్‌లా పొడిపొడిగా రాలిపోయింది, గోపాలపూర్ ఉప్పుగాలి పని అది. అంతవరకూ కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. ఇంజిన్ 1089 సీసీయే, అయినా పవర్ కన్నా ముందు బ్రేకులే చూడాలి, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కదా, గట్టిగా తొక్కుతూ పోతే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరం కార్ల రేసుల్లో ఇవే ఫియట్లు పరిగెత్తాయి సార్! ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బొరేటర్‌ని చెవితో విని ట్యూన్ చేసే మా ఊరి ముసలి మేస్త్రీలు ఒక్కొక్కరే షెడ్లు మూసేస్తున్నారు, వాళ్ళ గురించి మీ పేపర్లో ఒక్క పేజీ వేయండి.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా