తన బరువుకే దిగిపోయిన రోడ్డు

చి. చిన్నమ్మడికి,

నాన్న ఆశీస్సులు. మీ సైటులో మెత్తటి నేల మీద పోసిన రోడ్డు కట్ట రోజురోజుకూ దిగిపోతోందని మొన్న ఫోనులో చెప్పావు. ఆ మాట మనసులో ఉండగానే నిన్న అన్నయ్య మమ్మల్ని డబ్లిన్ నుంచి ఇక్కడే ఐర్లండ్‌లోని లాంగ్‌ఫర్డ్ కౌంటీకి తీసుకెళ్లాడు. కీనా అనే ఊరి దగ్గర కోర్లీలో రెండు వేల ఏళ్లు దాటిన చెక్క రోడ్డు ఉంది. దాని మీదే ఒక భవనం కట్టి, 18 మీటర్ల ముక్కను లోపల భద్రపరిచారు. చెక్క ఎండి పగలకుండా ఆ హాల్లో గాలిలో తేమ తగ్గనివ్వరు. "ఇంత దూరం వచ్చింది చెక్కలు చూడటానికా?" అని మీ అమ్మ గొణిగింది. నేను మాత్రం రెయిలింగు వదలలేదు.

పనితనం చెబుతాను, విను. అడుగున నిడుపుగా రెండు వరుసల దూలాలు. వాటి మీద అడ్డంగా, రైలు స్లీపర్లను సందు లేకుండా పేర్చినట్టు, ఓక్ పలకలు. ఒక్కొక్కటి మూడు, మూడున్నర మీటర్లు. రంపంతో కోసినవి కావు, మానును నిలువునా చీల్చి తీసినవి. పలక చివర రంధ్రం తొలిచి, అందులోంచి మేకు కర్రను కింది నేలలోకి దిగ్గొట్టారు, పలక పక్కకు జరగకుండా. బండి వెళ్లేంత వెడల్పు. రెండు భాగాలు కలిపితే దాదాపు రెండు కిలోమీటర్లు. ఎస్టిమేటు వేసే అలవాటు ఇంకా పోలేదు నాకు: ఎన్ని మానులు, ఎన్ని బండ్లు, ఎంతమంది కూలీలు! పైగా చెట్టు వలయాలు లెక్కపెట్టి చూస్తే ఆ ఓక్ చెట్లు ఇంచుమించు ఒకేసారి, క్రీ.పూ. 148 ప్రాంతంలో నరికినవని తేలింది. ఏళ్ల తరబడి సాగదీసిన పని కాదన్నమాట. ఎవరో గట్టివాడు వెనక నిలబడి చేయించాడు. ఎందుకు చేయించాడంటే మాత్రం రకరకాల ఊహలే.

ఇంత చేసీ ఏమైంది? పదేళ్లలోపే తన బరువుకు తానే పీట్ నేలలోకి దిగిపోయింది. పీట్ అంటే కుళ్లీ కుళ్లని నాచు, గడ్డి, వేళ్లు, మిగతాదంతా నీళ్లే. దాని మీద ఓక్ పరిచారు! ఆ చుట్టుపక్కలే అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందువి, కొమ్మలు తడికల్లా అల్లి పరిచిన కాలిబాటలు బయటపడ్డాయి. మనుషులు నడవడానికి ఆ తేలిక బాటలు చాలు. బండి కావాలనుకున్నప్పుడే వచ్చింది చిక్కు. కానీ మునిగింది కాబట్టే మనకు మిగిలింది. ఆ నీటిలో గాలి ఆడదు, పులుపు ఎక్కువ, చెక్కను తినే క్రిములు బతకవు. 1984లో బోర్డ్ నా మోనా సంస్థ ఇంధనం కోసం పీట్ తవ్వుతుంటే పలకలు తగిలాయి. తర్వాత బ్యారీ రాఫ్టరీ అనే పురావస్తు ఆచార్యుడు ఏళ్ల తరబడి తవ్వకాలు చేయించారు. బయట ఇంకా నేలలోనే ఉన్న భాగం పాడవకుండా ఆ చుట్టూ నేలను తడిగా ఉంచుతున్నారు. మనం రోడ్డు నుంచి నీళ్లు మళ్లించడానికి నానా తంటాలు పడతాం, వీళ్లు నీళ్లు పోకుండా కాపలా కాస్తున్నారు!

వీళ్ల పురాణ కథల్లో ఒక రోడ్డు ఉంది. మిదిర్ అనే మాయావి, ఎయోకు అనే రాజుతో ఆడి ఓడిన పందెం తీర్చడానికి తన వాళ్లతో ఇలాంటి నేల మీదే రోడ్డు వేయిస్తాడు. పని జరిగేటప్పుడు ఎవరూ చూడకూడదని షరతు. రాజు ఊరుకోలేక ఒక మనిషిని పంపి చూడమన్నాడు. దాంతో ఆ రోడ్డులో లోపాలు మిగిలిపోయాయట. ఇది చదివి నేను పైకే నవ్వాను. ఇన్‌స్పెక్షన్ వల్లే పని చెడిందని కాంట్రాక్టర్లు నాకు చెప్పిన కథ ఇంత పాతదా! ఈ రోడ్డే ఆ కథకు మూలమని కొందరంటారు. కథలో ఇంకో ముచ్చట: అంతవరకూ ఎద్దు నొసటికి కట్టే కాడిని మూపు మీద పెట్టడం మిదిర్ మనుషుల దగ్గర చూసే నేర్చుకున్నారట.

ఇక మీ కట్ట సంగతి. దిగిన చోటల్లా పైన మళ్లీ గ్రావెల్ పోసి లెవెలు సరిచేస్తున్నామన్నావు. పోసిన ప్రతి లోడూ కింది నేలకు బరువే కదా. ముందు బోరు రిపోర్టు తెప్పించి, మెత్తటి పొర ఎంత లోతు ఉందో చూడు. కట్ట ఎంత దిగిందో కొలిచే సెటిల్‌మెంట్ ప్లేట్లు పెట్టించి రీడింగులు వరసగా రాయించు, ఒక్కరోజు రీడింగు చూసి కంగారుపడొద్దు. నీళ్లు బయటికి పోయే దారి వేసి, కొంతకాలం ఆగి, అప్పుడు పై పొర వేస్తే పోయేదేమిటి? గడువంటారు. అనుకున్న తేదీకి రిబ్బను కోసి, ఆరు నెలలకు గుంతలు పూడ్చడం నేను చాలా చూశాను. మీ పెద్ద ఇంజనీరుతో మాట్లాడేటప్పుడు మా నాన్న అన్నాడని అనకు, రీడింగులు ముందు పెట్టు.

పలక చివర రంధ్రాన్ని దగ్గరగా తీసిన ఫోటోలు అన్నయ్య పంపుతాడు. ఆ మేకు కర్ర పలకను పక్కకు జరగనివ్వదు, సరే, కానీ దిగకుండా ఏమైనా పట్టుకోగలదా? నాకైతే అనుమానమే. లెక్క వేసి చెప్పు. అమ్మ నీకు ఇక్కడ ఉన్ని స్వెటరు కొన్నది. రంగు విషయంలో నన్ను ఏమీ అడగొద్దు.

మీ నాన్న