శ్రీ క్రోధి నామ సంవత్సర కార్యక్రమాల నివేదిక (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

గౌరవ సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారాలు. మార్చి 30, ఆదివారం, విశ్వావసు ఉగాది నాడు జరగనున్న సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం ఈ నివేదికను సమర్పిస్తున్నాను. జపాన్‌లోని నాగానో రాష్ట్రంలో ఉన్న మత్సుమోతో నగరపు ఫుట్‌బాల్ జట్టు మత్సుమోతో యమగాను మనం ఎందుకు మనదిగా భావిస్తున్నామో, ఇక్కడి తెలుగువారిమైన మన సంఘం ఆశయాలేమిటో సభ్యులందరికీ తెలిసినవే కనుక నేరుగా ఏడాది పనుల్లోకి వస్తాను.

ముందుగా ఆట గురించి. జపాన్ వృత్తి ఫుట్‌బాల్ పోటీ అయిన జె లీగులో జె1 పై అంచె, జె2 రెండోది, జె3 మూడోది. జె3లో మన జట్టు 2024 సీజన్‌ను నాలుగో స్థానంలో ముగించి, జె2కు ఎదిగే అవకాశం కోసం ప్లేఆఫ్‌లో ఆడింది. సెమీఫైనల్లో ఫుకుషిమా యునైటెడ్‌తో 1-1తో సమానమైనా, లీగులో పై స్థానంలో ఉన్న జట్టే ముందుకు వెళ్లాలన్న నిబంధన వల్ల ఫైనల్ చేరాం. డిసెంబరు 7న తోయామాలో ఆ ఊరి జట్టుతో జరిగిన ఫైనల్లో రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండి కూడా చివరి నిమిషాల్లో 2-2 కావడంతో, అదే నిబంధన మూడో స్థానంలో ఉన్న కతల్లెర్ తోయామాను జె2కు పంపింది. ఆ చలిలో కొండదారుల వెంట కార్లు నడిపి సభ్యులను తీసుకెళ్లి, క్షేమంగా తిరిగి తీసుకొచ్చిన సోదరులకు, తెల్లవారుజామున లేచి అందరికీ పులిహోర పొట్లాలు కట్టిన అక్కచెల్లెళ్లకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం ఆగస్టు 4, ఆదివారం నాడు మత్సుమోతోలో జరిపిన ప్రాథమిక చికిత్స శిక్షణ, క్లబ్ చరిత్ర ప్రదర్శన. ఆ తేదీని కావాలనే ఎంచుకున్నాం. 2002 ప్రపంచ కప్‌లో జపాన్ రక్షణ వరుసలో నిలిచిన నవోకి మత్సుదా, పదహారు సీజన్లు ఆడిన యొకొహామా ఎఫ్ మారినోస్‌ను వదిలి, అప్పటికింకా జె లీగులో లేని యమగాకు 2011లో వచ్చాడు. ఆ ఆగస్టు 2న సాధన చేస్తూ గుండెపోటుతో కుప్పకూలి, 4వ తేదీన 34 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ సాధన మైదానంలో ఏఈడీ, అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, లేదు. జపాన్‌లో ఆ యంత్రాన్ని సామాన్యులు వాడడానికి 2004 నుంచే అనుమతి ఉంది. గుండె లయ తప్పి కొట్టుకోవడం ఆగినప్పుడు షాక్ ఒక్కో నిమిషం ఆలస్యమయ్యేకొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం వరకు తగ్గుతుంది. యంత్రం ఏం చేయాలో పలికి చెబుతుంది, కానీ సాధారణంగా జపనీస్‌లో చెబుతుంది. మన ఊళ్ల నుంచి వచ్చి కొన్ని నెలలు ఉండివెళ్లే అమ్మానాన్నలకు, కొత్తగా వచ్చిన కోడళ్లకు ఆ మాటలు అర్థం కావు. అందుకే షిన్షూ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మన సభ్యులు ఆ సూచనలన్నిటినీ తెలుగులోకి తెచ్చి, అంబులెన్సు కోసం 119కి ఫోన్ చేసి జపనీస్‌లో చెప్పవలసిన నాలుగు ముక్కలను తెలుగు లిపిలో రాసి కార్డులుగా అచ్చువేయించారు. డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ ఛాతీని లయ తప్పకుండా నొక్కుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. శిక్షణ ఇచ్చిన అగ్నిమాపక సిబ్బందికి మన కృతజ్ఞతలు.

అదే హాలులో గోడ పొడవునా పెట్టిన చరిత్ర ఫలకాలను మన పిల్లలే తయారుచేశారు. 1965లో మత్సుమోతో స్టేషన్ ఎదుట ఉన్న యమగా అనే కాఫీ దుకాణంలో కూడే ఆటగాళ్లు జట్టుగా ఏర్పడి, ఆ దుకాణం పేరే పెట్టుకున్నారు. స్టేషన్ ముందు ప్రాంతాన్ని తిరిగి కట్టినప్పుడు దుకాణం పోయింది, జట్టు మిగిలింది. 2017లో క్లబ్బే అదే పేరుతో కాఫీ దుకాణం తెరిచింది. 2001లో ఆల్విన్ మైదానం కట్టినా అందులో ఆడే పెద్ద జట్టు లేకపోవడంతో, 2004లో ఊరివాళ్లు లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి యమగాను పైకి తేవడానికి పూనుకున్నారు. 2009 అక్టోబరులో, ఇంకా హొకుషిన్ఎత్సు ప్రాంతీయ లీగులో ఉండగానే, జాతీయ స్థాయి ఎంపరర్స్ కప్‌లో జె1 జట్టు ఉరావా రెడ్స్‌ను 2-0తో ఓడించారు. ఆ డిసెంబరులో ప్రాంతీయ జట్ల తుది పోటీలను పదివేలమందికి పైగా జనం మధ్య ఆల్విన్‌లోనే గెలిచి, జె లీగుకు కింద ఉండే జాతీయ లీగు జేఎఫ్‌ఎల్‌కు ఎదిగారు. 2012లో జె2, కోచ్ యాసుహారు సోరిమాచి హయాంలో 2015లోనూ 2019లోనూ జె1, ఆపై 2022లో జె3. దిగివచ్చాక కూడా ఆల్విన్‌కు వచ్చే జనం జె3లోని చాలా జట్లకు దక్కనంత ఉన్నారంటే, 2004లో వేసిన ఆ పునాదే కారణమని నా నమ్మకం. మత్సుదా ధరించిన 3వ నంబరు చొక్కాను 2014 నుంచి 2022లో రిటైరయ్యే వరకు ధరించిన హయుమా తనకా, ఇదే నాగానో రాష్ట్రంలోని ఒకాయాలో పుట్టినవాడు. ఆ ఫలకం ముందు జపనీస్ అభిమానులు చాలాసేపు నిలబడ్డారు.

ఆదాయ వ్యయాల పట్టికను సభ్యులందరికీ విడిగా పంపాం. హాలు అద్దె, కార్డుల అచ్చు, బస్సు ఖర్చులు పోను మిగులు ఉంది. లెక్కలు సరిచూసిన ఇద్దరు సభ్యులకు ధన్యవాదాలు.

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. మైదానంలో ఆట తర్వాత శుభ్రం చేసే పనికి పేర్లిచ్చినవారు ఎందరో, వచ్చినవి ప్రతిసారీ అవే కుటుంబాలు. పసిపిల్లలున్న తల్లులు చెత్త సంచులు మోస్తుంటే, పేర్లిచ్చినవారు వాట్సాప్‌లో ఫోటోలకు మెచ్చుకోలు పెట్టడం బాధ కలిగించింది. హాలు అనుమతి విషయంలో ఒక కార్యాలయం వారు పదే పదే తిప్పి, చివరి వారంలో గానీ తేల్చకపోవడంతో ఆహ్వానాలు ఆలస్యమయ్యాయి. మధ్యలో జపనీస్‌లో మాట్లాడి పని నడిపించిన మన ఉపాధ్యక్షురాలి ఓపికకు నమస్కరిస్తున్నాను.

వచ్చే ఏడాది ఇదే శిక్షణను టోక్యో వైపున్న సభ్యుల కోసం అక్కడ కూడా జరపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. జపనీస్ బాగా వచ్చినవారు దీనికి కావాలి. శుభ్రత పనికి ఈసారి పేర్లు ముందుగా తీసుకోం. ఉగాది పచ్చడి తిన్న తర్వాత సభలోనే, ఏ ఆటకు ఎవరు వస్తారో తేదీతో సహా రాసుకుంటాం. సభ ఉదయం పది గంటలకు మొదలవుతుంది.

ఇట్లు,
కార్యదర్శి