సంతకానికి ముందే నిచ్చెన వేసి చూడాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో సొంతంగా ఒక ట్రావెల్ ట్రెయిలర్, అంటే కారుకో ట్రక్కుకో తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు, కొనుక్కోవాలన్న ఆలోచన నాకు తెలిసినంత మేరకు నానాటికీ బలపడుతున్నది. కారణాలు అందరికీ తెలిసినవే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను రోజుకొక మోటెల్ గదికి మార్చే అవస్థ ఉండదు, అన్నం పప్పు మనమే వండుకోవచ్చు, ఎల్లోస్టోన్, గ్రాండ్ క్యాన్యన్ వంటి చోట్ల పిల్లలతో నాలుగు రోజులు నిదానంగా గడపవచ్చు. మీ పత్రికలో వచ్చే ప్రయాణ వ్యాసాలను నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. అయితే ఆ ట్రెయిలర్ ఎలా తయారవుతుంది, కొనేముందు దానిలో ఏమి చూడాలి అన్న విషయం మీద తెలుగులో రాసినవారు నాకు కనపడలేదు. మొదటి ట్రెయిలర్ కొని, తెలియనితనం వల్ల నష్టపోయిన వాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము డాలస్ దగ్గర ఉంటాము. రెండేళ్ల క్రితం 26 అడుగుల కొత్త ట్రెయిలర్ ఒకటి కొన్నాము. ఒకదాని మీద ఒకటిగా ఉన్న పిల్లల పడకలు, విశాలమైన వంటగట్టు, లోపలి దీపాలు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాము. బండి అప్పగించే రోజున డీలరు మనిషి నలభై నిమిషాలలో అన్నీ చూపించి, కాగితాలు ముందు పెట్టాడు. నేను ఒక్క కొళాయి తిప్పలేదు, పైకప్పు వైపు తల ఎత్తి కూడా చూడలేదు. అప్పటికే సాయంత్రం అవుతున్నది, వెనుక ఇంకో కుటుంబం వేచి ఉన్నది, వారిని నిలబెట్టి ఒక్కొక్కటీ పరీక్షించడం మర్యాద కాదని అనిపించింది. మూడో ప్రయాణంలో ఓక్లహోమాలోని బీవర్స్ బెండ్ స్టేట్ పార్కులో ఉండగా రాత్రంతా వర్షం కురిసింది. తెల్లవారి లేచేసరికి మా చిన్నమ్మాయి పరుపు ఒక మూల తడిసి ముద్దయి ఉన్నది.

మా నాన్నగారు ఆ సమయంలో మా దగ్గరే ఉన్నారు. ఆయన ఉద్యోగకాలమంతా రోడ్లు భవనాల శాఖలో కట్టడాల దగ్గర పనిచేసినవారు. నేను తడిసిన మూలనే తడుముతూ ఉంటే ఆయన ఆపి, "ఒరేయ్ నాయనా, నీరు కారినచోట దిగదురా, దిగినచోటు వేరే ఉంటుంది, పైన వెతుకు" అన్నారు. పక్క బండి వారి నిచ్చెన అడిగి తెచ్చి చూస్తే, ఆ మూలకు నాలుగు అడుగుల అవతల, స్నానాల గది గాలి గొట్టం చుట్టూ నీరు దిగకుండా పూసిన సీలెంట్ అనే జిగురు పూత ఒక పక్కన గోరు దూరేంత విడిపోయి ఉన్నది. అక్కడ దిగిన నీరు లోపలి చెక్క వెంట పాకుతూ వచ్చి మంచం మీద తేలింది. డీలరు దగ్గర బండి పదకొండు వారాలు ఉండిపోయింది. సీలెంట్ చూసుకోవడం యజమాని బాధ్యత అని, వారంటీ కిందికి రాదని చివరికి చెప్పారు. వారంటీ పుస్తకం తీసి చదివితే ఆ మాట అందులో నిజంగానే ఉన్నది. నేను దానిని కొన్న తరువాత చదివాను.

ఆ తరువాత కొన్ని నెలలు ఈ పరిశ్రమ గురించి తెలుసుకోవడానికే కేటాయించాను. ఇటువంటి ట్రెయిలర్లను, ఇంజినుతో నడిచే ఇళ్ల వంటి బండ్లను కలిపి ఇక్కడ ఆర్‌వీలు అంటారు. ఈ దేశంలో తయారయ్యే ఆర్‌వీలలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలో, ముఖ్యంగా ఎల్క్‌హార్ట్ పట్టణం చుట్టుపక్కల తయారవుతాయి. కారు తయారీలో మాదిరిగా యంత్రాలే అతికించి బిగించే పని ఇక్కడ తక్కువ. చెక్క కోయడం, స్క్రూ బిగించడం, జిగురు పూయడం, పైకప్పు మీద సీలెంట్ పట్టించడం, అన్నీ ఎక్కువగా చేతిపనులే. రోజుకు ఇన్ని బండ్లు అని లెక్క పెట్టి, ఆ లెక్కను బట్టి కూలి కట్టే పద్ధతి అక్కడి కార్ఖానాలలో చాలా కాలంగా నడుస్తున్నది. అక్కడి పనివారి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు, వారిలో తరతరాలుగా వడ్రంగం తెలిసిన, ఆమిష్ అనే క్రైస్తవ సమాజానికి చెందిన కుటుంబాల వారు కూడా ఎందరో ఉన్నారు. అయితే ఎంత నేర్పరి చేతికైనా వేగమే కొలమానం అయినప్పుడు, కంటికి కనపడని మూలలో ఒక పూత తక్కువ పడే అవకాశం ఉంటుంది. కరోనా కాలంలో జనమంతా విమానాలు, హోటళ్లు మానుకొని ఈ బండ్ల మీద పడినప్పుడు, 2021లో ఒక్క ఏడాదిలోనే 6 లక్షలకు పైగా ఆర్‌వీలు కార్ఖానాల నుంచి డీలర్లకు వెళ్లాయి. 2023 నాటికి ఆ సంఖ్య దాదాపు 3 లక్షల 13 వేలకు పడిపోయింది. కరోనా నాటి ఆ ఉరవడిలో తయారైన బండ్లే ఇప్పుడు వాడిన సరుకుగా అమ్మకానికి వస్తున్నాయి కనుక, తక్కువ ధరకు దొరుకుతున్నదని తొందరపడేవారు తయారైన సంవత్సరాన్ని కూడా గమనించాలి.

కొనదలచిన మిత్రులు నన్ను మొట్టమొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. ఆ ప్రశ్నకు నేను ఇప్పుడు జవాబు చెప్పడం మానేశాను. బండి గోడల మీద కనపడే పేర్లు పదులకొద్దీ ఉన్నా, వాటిలో అత్యధికం థార్, ఫారెస్ట్ రివర్, విన్నెబాగో అనే మూడు పెద్ద సంస్థల చేతిలోనే ఉన్నాయి. పైగా చేతిపని కావడం వల్ల ఒకే కార్ఖానాలో, ఒకే వారంలో, ఒకే నమూనాలో తయారైన రెండు బండ్లు కూడా ఒక్కలా ఉండవు. అందువల్ల పేరు చూసి ధైర్యపడినా, పేరు చూసి భయపడినా పెద్ద తేడా ఉండదు. ఎదురుగా నిలబడిన ఆ ఒక్క బండి ఎలా ఉన్నదో చూడడమే అసలు పని.

ఆ చూడడంలో మొదటి స్థానం నీటిది. మిగిలిన లోపాలు చాలావరకు బాగుచేయగలిగినవే. తలుపు గొళ్లెం ఊడితే బిగించుకోవచ్చు, నీటి పంపు పాడైతే మార్చుకోవచ్చు. నీరు మాత్రం నెలల తరబడి కనపడకుండా లోపలి చెక్కను తినేస్తుంది, మరక బయటపడేసరికి గోడ మెత్తబడి ఉంటుంది. ట్రెయిలర్ గోడలు ముఖ్యంగా రెండు రకాలు. చెక్క చట్రానికి బయట ముడతల అల్యూమినియం రేకు కొట్టినవి ఒక రకం. అల్యూమినియం చట్రం, మధ్యలో నురుగు పలక, బయట పలుచని ఫైబర్‌గ్లాస్ కలిపి జిగురుతో అదిమినవి రెండో రకం. రెండో రకం నునుపుగా, ఖరీదుగా కనపడుతుంది కానీ లోపలికి తడి చేరితే పొరలు విడిపోయి గోడ మీద బొబ్బలు లేస్తాయి, ఆ మరమ్మతు చాలా ఖరీదైనది. ఎండ ఏటవాలుగా పడే వేళ గోడకు పక్కగా నిలబడి, దాని పొడవునా చూపు పారిస్తే ఆ ఉబ్బు తెలిసిపోతుంది. పైకప్పు సాధారణంగా రబ్బరు వంటి పొరతో కప్పి ఉంటుంది. గాలి గొట్టాలు, ఏసీ, యాంటెనా కోసం దానికి పెట్టిన ప్రతి రంధ్రమూ సీలెంట్ మీదనే ఆధారపడి నిలుస్తుంది. టెక్సాస్ ఎండకు ఆ సీలెంట్ ఎండి పగులుతుంది. మన డాబా ఇళ్లలో వానాకాలానికి ముందు కప్పు చూసుకున్నట్టే, దీనిని మూడు నెలలకొకసారి చూసుకోవాలి.

అతుకులు చాలా తక్కువగా ఉండే బండ్లు కూడా లేకపోలేదు. పైసగం, కిందిసగం విడివిడిగా అచ్చుపోసి, రెండు కొబ్బరి చిప్పలను కలిపినట్టు కలిపే ఫైబర్‌గ్లాస్ ట్రెయిలర్లను మా డాలస్‌కు దగ్గరలోనే, రైస్ అనే ఊరిలో, కాసీటా అనే సంస్థ తయారు చేస్తుంది. మిన్నెసోటాలోని బ్యాకస్‌లో స్కాంప్ సంస్థ 1970లలోనే ఈ పద్ధతి చేపట్టింది. అయితే అవి చాలా చిన్నవి. అమ్మానాన్నలు, పిల్లలు కలిసి ఐదారుగురు ఉండే కుటుంబానికి చాలవు.

తలుపు పక్కన అతికించి ఉండే ఆర్‌వీ పరిశ్రమ సంఘం (RVIA) ముద్రను చూసి నాణ్యతకు హామీ దొరికిందని అనుకోవడం మన వారిలో నేను తరచు చూసే పొరపాటు. విద్యుత్తు, గ్యాసు, నీటి గొట్టాలు, అగ్నిభద్రతలకు సంబంధించిన ప్రమాణాలను ఆ బండి పాటిస్తున్నదని తయారీదారు చెప్పే మాటకు అది గుర్తు. అది అవసరమైనదే. కానీ సీలెంట్ సరిగా పూశారా, అలమర నిటారుగా ఉన్నదా అన్న ప్రశ్నలకు అది జవాబు కాదు. అలాగే, అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ (NHTSA) వెబ్‌సైటులో బండి 17 అంకెల, అక్షరాల గుర్తింపు సంఖ్య వేసి రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి తయారీదారు బండ్లను వెనక్కి పిలిచిన ప్రకటనలు, ఉన్నాయేమో తప్పక చూడాలి. అక్కడ కనపడేవి ప్రాణభద్రతకు సంబంధించిన లోపాలే గాని పనితనానికి సంబంధించినవి కావు. కొత్త బండి తలుపు తీయగానే కళ్లు మండితే దానిని కొత్త వాసన అని తీసిపారేయరాదు. 2005లో కత్రినా తుపాను బాధితులకు ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్లలో చెక్కపలకల జిగురు నుంచి వెలువడిన ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వల్ల ఎందరో ఇబ్బంది పడ్డారు. ఆ తరువాత 2010లో చేసిన చట్టం ఆ పలకలకు పరిమితులు విధించింది. అయినా వృద్ధులను, పసిపిల్లలను పడుకోబెట్టే ముందు కొన్ని రోజులు కిటికీలన్నీ తెరిచి ఉంచడం మంచిది.

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఊళ్లో వంకాయ కొనాలన్నా తిరగేసి పుచ్చు చూస్తాము, కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి చూస్తాము, ఇల్లు కొంటే మేస్త్రీని వెంట తీసుకుపోతాము. అదే మనుషులం ఇక్కడి షోరూములో నవ్వుతూ పలకరించే అమ్మకందారు ముందు మొహమాటపడిపోతాము. తప్పుగా అనుకుంటారేమో, ఇంగ్లీషులో వాదించవలసి వస్తుందేమో అన్న సంకోచం నాలో ఉన్నది, నాకు తెలిసిన చాలామందిలోనూ ఉన్నది. ఈ సంకోచం మాకు పదకొండు వారాల కాలాన్ని, చాలా డబ్బును ఖర్చు చేయించింది. సంతకం పెట్టేదాకా డీలరుకు మనతో పని ఉంటుంది, సంతకం పెట్టిన మరుక్షణం నుంచి మనకు ఆయనతో పని ఉంటుంది. కనుక పరీక్ష అంతా సంతకానికి ముందే పూర్తి కావాలి. అందుకు కనీసం సగం రోజు కావాలని ముందే చెప్పి, ఉదయం పూట సమయం తీసుకోవాలి. బండికి కరెంటు, నీరు, గ్యాసు మూడూ కలిపి ఇవ్వమని అడగాలి. నీటి తొట్టె నింపి, ప్రతి కొళాయి తెరిచి, సింకు కింద వేలితో తడిమి చూడాలి. పొయ్యి, వేడినీటి యంత్రం, ఫ్రిజ్, ఏసీ నడిపి చూడాలి. బయటికి జరిగే గది ఉంటే నాలుగైదు సార్లు జరిపించి, దాని అంచు రబ్బరు ముడతపడుతున్నదేమో గమనించాలి. నిచ్చెన వేయించుకుని పైకప్పు చూడాలి. అన్ని కప్పులూ మనిషి బరువు మోయవు కనుక పైన నడవనక్కరలేదు, నిచ్చెన మీద నిలబడి చూసినా సరిపోతుంది. కనపడిన ప్రతి లోపాన్నీ కాగితం మీద రాయించి, అది బాగయ్యాకే మిగిలిన డబ్బు కడతామని మర్యాదగా చెప్పవచ్చు. స్వతంత్రంగా ఆర్‌వీలు పరీక్షించే నిపుణులు కూడా ఉన్నారు. వారి రుసుము కొన్ని వందల డాలర్లు అయినా, వేల డాలర్ల సరుకుకు అది ఎక్కువ కాదు. పరీక్షకు డీలరు ఒప్పుకోకపోతే అక్కడ కొనకుండా తిరిగి రావచ్చు.

టైరు మీద ముద్రించిన చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. లాగే బండి డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో అది ఎంత బరువు మోయగలదో ఉంటుంది, ట్రెయిలర్ ముందుభాగం దాని మీద మోపే బరువును అందులోంచే లెక్క కట్టాలి. తొట్టెలో నింపుకునే నీరు కూడా బరువే, ఒక గ్యాలన్ నీరు 8 పౌండ్లకు పైగా తూగుతుందని మరవకూడదు.

డబ్బు విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. ఈ బండ్లకు పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఏళ్ల అప్పు ఇస్తారు. తయారీదారు వారంటీ మాత్రం చాలా బండ్లకు ఒక్క సంవత్సరమే. నెలకు కట్టే కిస్తీ తక్కువగా ఉన్నదని పెద్ద బండికి మొగ్గే ముందు ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి. లోపాలున్న వాహనాల విషయంలో కొనుగోలుదారును కాపాడే లెమన్ చట్టం టెక్సాస్‌లో ట్రెయిలర్లకూ వర్తిస్తుంది. చాలా రాష్ట్రాలలో మాత్రం ఇంజిను లేని వాహనమనే కారణంతో వాటిని ఆ చట్టం వెలుపలే ఉంచారు. వర్తించినచోట కూడా ఫిర్యాదుకు గడువు ఉంటుంది కాబట్టి, బండిని మరమ్మతుకు ఇచ్చిన ప్రతిసారీ తేదీతో రశీదు తీసుకుని దాచుకోవాలి. నేను మొదటి రెండుసార్లు నోటిమాట మీదనే వదిలి వచ్చాను.

మా ట్రెయిలర్ ఇప్పటికీ మా దగ్గరే ఉన్నది. తడిసిన చెక్క మార్పించి, కప్పు మీద సీలెంట్ అంతా గీకించి కొత్తగా పూయించాము. నాన్నగారు తెనాలి తిరిగి వెళ్లిపోయారు. మూడు నెలలకొకసారి ఫోనులో "పైన చూశావా?" అని తప్పకుండా అడుగుతారు. మీ పత్రికను ఇక్కడి పిల్లలకన్నా అక్కడి పెద్దలే శ్రద్ధగా చదువుతారు కాబట్టి, అమెరికాలోని కొడుకో కూతురో ట్రెయిలర్ కొంటున్నామని చెప్పినప్పుడు వారు అడగవలసిన ప్రశ్నలు వారికి తెలిసేలా ఈ ఉత్తరాన్ని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఈ శనివారం మా మిత్రుడి కుటుంబం తమ మొదటి ట్రెయిలర్ తెచ్చుకోవడానికి వెళుతున్నది. పొద్దున ఎనిమిది గంటలకు సమయం తీసుకున్నారు. వారితో పాటు నేనూ నిచ్చెన తీసుకుని వెళుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ప్లేనో, టెక్సాస్