ఉచిత వైఫైకి కాపలా ఏది?

సంపాదకుడికి,

బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫైకి ఫైర్‌వాల్ (నెట్‌వర్కులో వచ్చిపోయే డేటాను వడగట్టే కాపలా) పెడితే చాలనుకోవడం పొరపాటు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఎవరైనా అదే పేరుతో దొంగ వైఫై తెరిస్తే, ఆ డేటా మన ఫైర్‌వాల్ దాకా రానే రాదు.

ముందు అసలు వైఫై పేరు మీద దొంగ డీఆథెంటికేషన్ ఫ్రేములు (‘కనెక్షన్ తెంచుకో’ అని ఫోనుకు చెప్పే చిన్న సందేశాలు) వదిలి ఫోన్లను బయటకు నెడతారు. ఫోను మళ్లీ అదే పేరు వెతుక్కుని, సిగ్నల్ గట్టిగా ఉన్నచోట అతుక్కుంటుంది. ఈ ఫ్రేములకు రక్షణ 2009లోనే 802.11డబ్ల్యూ అనే వైఫై ప్రమాణంతో వచ్చింది, డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా పద్ధతిలో తప్పనిసరి కూడా. కానీ పాస్‌వర్డ్ లేని మామూలు ఓపెన్ వైఫైకి అది వర్తించదు. అందుకే గాలిలోని వైఫై సంకేతాలను వినే సెన్సర్లు కావాలి.

ఇదేం కోట్ల పని కాదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, మానిటర్ మోడ్‌లో (చుట్టుపక్కల వైఫై సంకేతాలన్నీ వింటూ) పనిచేసే యూఎస్‌బీ అడాప్టర్లు, ఉచితంగా దొరికే కిస్మెట్ సాఫ్ట్‌వేర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. అయితే ఒక్క అడాప్టరుతో సరిపెట్టొద్దు. సెకనుకు ఐదు ఛానెళ్ల చొప్పున 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోని 13 ఛానెళ్లూ (సంకేతాలు నడిచే దారులు) తిరిగి రావడానికి 2.6 సెకన్లు పడుతుంది. ఈలోపు దాడి అయిపోవచ్చు. ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానెళ్లకు ఒక్కోటి కట్టేసి, నాలుగోదాన్ని మిగతావాటిలో తిప్పాలి. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేరే అడాప్టర్లు కావాలి.

యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) మ్యాక్ అడ్రసును, అంటే దాని గుర్తింపు నంబరును, దొంగ కాపీ కొట్టగలడు. ఒక్కో ఫ్రేముకూ పెరుగుతూ పోయే వరుస నంబరును కలపడం మాత్రం కష్టం. లాగ్‌లో (సెన్సర్ రాసుకునే రికార్డులో) 2210, 2211, 3907, 2212 అని కనిపిస్తే ఒకే అడ్రసుతో ఇద్దరు మాట్లాడుతున్నారనే అనుమానించాలి. కరెంటు పోయి వచ్చినా నంబర్లు మళ్లీ మొదటికొస్తాయి. దానికీ అలారం మోగిస్తే వారం తిరక్కుండా అలారాన్ని పట్టించుకునేవాళ్లే ఉండరు.

దొంగ వైఫైని ఎదురుదాడి చేసి ఆపే ఆటోమేటిక్ సదుపాయాన్ని మాత్రం ఆన్ చేయకండి. పక్కవాళ్ల హాట్‌స్పాట్ కూడా తెగిపోతుంది. అతిథుల హాట్‌స్పాట్లను ఇలాగే అడ్డుకున్నందుకు అమెరికాలో మారియట్ సంస్థకు 2014లో 6 లక్షల డాలర్ల జరిమానా పడింది.

వైర్‌లెస్ నెట్‌వర్కులపై దాడిని 6 గంటల్లో తెలపాలనీ, లాగ్‌లు 180 రోజులు ఉంచాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28నే ఆదేశించింది. అసలు వినే ఏర్పాటే లేకపోతే తెలిపేదేమిటి? ఉచిత వైఫై టెండర్లలో సెన్సర్లను తప్పనిసరి చేయాలి. వాటి గడియారాలనూ, సీసీ కెమెరాల గడియారాలనూ ఒకే ఎన్‌టీపీ (సరైన సమయం అందించే) సర్వరుతో కలపాలి. రెండింటికీ పది నిమిషాల తేడా ఉంటే, ఆ వేళ బెంచీ మీద కూర్చున్నదెవరో ఫుటేజీ చూసినా తేలదు.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, విజయవాడ