మెథడోన్ తాగేవాళ్లు ఆ బరువు తగ్గే మాత్ర వేసుకోకూడదని ఫారంలో ఒక్క ముక్క రాయలేరా, మంత్రి గారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా తమ్ముడు ఓపియాయిడ్ల (నల్లమందు, హెరాయిన్ జాతి మందుల) వ్యసనం నుంచి బయటపడి, దానికి చికిత్సగా మెథడోన్ అనే మందు తాగుతున్నాడు. ఆన్‌లైన్ క్లినిక్ ఒకటి రాసిచ్చిన బరువు తగ్గే మాత్ర దానికి పడక హాస్పిటల్ పాలయ్యాడు. ఆ క్లినిక్‌ల ఫారంలో ప్రశ్న మార్చమని మేం ఇచ్చిన వినతి పత్రాలకు మీ కార్యాలయం నుంచి వచ్చిన జవాబులన్నీ ఫైల్లో పెట్టి ఉంచాను. అన్నిట్లోనూ ఒకటే వాక్యం: "మీ విజ్ఞప్తి తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది." సంబంధిత విభాగాన్ని అడిగితే ఇది మందుల నియంత్రణ వాళ్లు చూడాలన్నారు. వాళ్లను అడిగితే డీఅడిక్షన్ సెంటర్లు మా కిందికి రావన్నారు. సెంటర్‌లో అడిగితే, బరువు తగ్గే మందులు రాసే క్లినిక్‌ల మీద మాకేం అధికారం ఉందమ్మా అన్నారు. కాళ్లరిగేలా తిరిగాక, ఇక అందరూ చదివే చోటే రాద్దామనుకున్నాను. ఎక్కడైనా మాట తూలితే మన్నించండి. ఓపిక అయిపోయింది.

మీరిచ్చిన మాట గుర్తు చేస్తాను. ఆన్‌లైన్లో బరువు తగ్గే మందులు రాసే క్లినిక్‌లు పేషంట్ల చేత నింపించే ఫారంలో, వ్యసన చికిత్స తీసుకుంటున్నవాళ్ల కోసం విడిగా ఒక ప్రశ్న పెట్టిస్తామన్నారు. పెట్టించారు కూడా, కాదనను. ఆ ప్రశ్న ఇదీ: "మీరు మత్తు పదార్థాలు గానీ ఓపియాయిడ్ నొప్పి మాత్రలు గానీ వాడుతున్నారా?"

మా తమ్ముడు "లేదు" అని టిక్ పెట్టాడు. ఉన్నదే చెప్పాడు. మత్తు పదార్థాలు మానేసి చాలా కాలమైంది. నొప్పి మాత్రలు మా ఇంట్లోనే ఉండవు. పని రోజుల్లో పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి, నర్సు చూస్తుండగా చిన్న ప్లాస్టిక్ కప్పులో మెథడోన్ తాగి, నోరు తెరిచి చూపించి, అక్కణ్ణుంచే పనికి వెళ్తాడు. అది మత్తు కాదు, చికిత్స అని ఆ సెంటర్ గోడ మీద పోస్టర్ అతికించింది మీ శాఖే. ఆ పోస్టర్‌ను నమ్మినవాడు మీ ఫారంలో "లేదు" అని కాక ఇంకేమని రాస్తాడండీ?

వాడికి బరువు తగ్గే మందు ఎందుకని మీ అధికారి ఒకాయన నన్నడిగారు, అదేదో సరదా అన్నట్టు. మెథడోన్ వాడేవాళ్లలో చాలామంది బరువు పెరుగుతారు, తీపి మీదికి మనసు పోతుంది. ఈ సంగతి డాక్టర్లకు కొత్త కాదు. వ్యసనంలోంచి బయటపడ్డాక మనిషి మొదటిసారి అద్దంలో తనను తాను తీరిగ్గా చూసుకుంటాడు. పొట్ట పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం, షుగర్ వస్తుందేమోనని టెన్షన్. అలాంటివాడు ఒళ్లు తగ్గించుకోవాలనుకోవడం కూడా తప్పేనా? బాగుపడాలనుకున్నాడు, అంతే.

క్లినిక్ వాళ్లు రాసింది నాల్‌ట్రెక్సోన్, బుప్రోపియాన్ అనే రెండు మందులు కలిసిన మాత్ర. దీని సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కాంట్రేవ్ పేరుతో అమెరికాలో 2014లో, మైసింబా పేరుతో యూరప్‌లో 2015లో అనుమతి వచ్చిన మందే. ఒక్కో మాత్రలో నాల్‌ట్రెక్సోన్ 8 మిల్లీగ్రాములు, బుప్రోపియాన్ 90. మొదటి వారం పొద్దున ఒక్కటే వేసుకోవాలి, వారానికొకటి చొప్పున పెంచుకుంటూ నాలుగో వారానికి పొద్దున రెండు, సాయంత్రం రెండు. మా వాడు రెండో మాత్ర దాకా రాలేదు.

మెథడోన్ మెదడులో ఏ రిసెప్టార్ల మీద (మందు అతుక్కుని పనిచేసే చోట్ల మీద) కూర్చుని మనిషిని నిలబెడుతుందో, నాల్‌ట్రెక్సోన్ వచ్చి సరిగ్గా అక్కణ్ణుంచే దాన్ని కుర్చీలోంచి లాగి పడేసినట్టు పడేస్తుంది. పడేసి, తాను కూర్చుంటుంది. తాను మాత్రం ఏమీ ఇవ్వదు. మామూలుగా మందు ఆపేస్తే రోజుల తరబడి మెల్లగా వచ్చే విత్‌డ్రాయల్ బాధంతా అప్పుడు ఒక్కసారిగా మీద పడుతుంది. వాడికి రెండు గంటలు కూడా పట్టలేదు. మొదట ఆవలింతలు, ముక్కు కారడం. జలుబు చేసిందేమో అనుకున్నాం. తర్వాత వాంతులు, విరేచనాలు, చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. కాళ్లు వాటంతటవే తన్నుకుంటున్నాయి. హాస్పిటల్ మంచం మీద దుప్పటి దులుపుతూనే ఉన్నాడు. పురుగులు పాకుతున్నాయి, తీసెయ్యక్కా అని. ఒక్క పురుగు లేదు.

ఇక్కడొక చిక్కుంది, మీకు దీని గురించి ఎవరైనా చెప్పారో లేదో. విత్‌డ్రాయల్ కదా, ఇంకాస్త మెథడోన్ ఇస్తే సర్దుకుంటుందిలే అనుకుంటే కుదరదు. నాల్‌ట్రెక్సోన్ అడ్డుగా ఉన్నంతసేపూ అది ఎక్కదు. ఎక్కించాలని మోతాదు పెంచుకుంటూ పోతే, ఆ అడ్డు తొలగిన క్షణాన ఊపిరి ఆగిపోయే ప్రమాదం. ఆ మాత్ర కూడా లోపల కొద్దికొద్దిగా విడుదలయ్యే రకం. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులకు, వణుకుకు మందులిస్తూ, దాని పని అయిపోయేదాకా కూర్చోవడమే. డ్యూటీ డాక్టర్‌కు మొదట వచ్చిన అనుమానం, ఏదో మత్తు మందు కొట్టి వచ్చాడని. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకున్న సమాచారం అంతే. వాడు వేసుకున్న బరువు మాత్ర డబ్బా నేను చూపించేదాకా ఎవరికీ వెలగలేదు. డిశ్చార్జి కాగితంలో మాత్రం "మత్తు పదార్థాల వాడకం, అనుమానం" అన్న మాట అలాగే ఉండిపోయింది. దాన్ని కొట్టేయించడానికి ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

మీ శాఖ జవాబుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. "సదరు హెచ్చరిక మందుతో పాటు ఇచ్చే సమాచార పత్రంలో ఇప్పటికే పొందుపరచబడి ఉన్నది." అక్షరాలా నిజం. మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటి వ్యసన చికిత్స మందులు వాడేవాళ్లు ఈ మాత్ర అసలు ముట్టకూడదని అందులో ఉంది. అవి ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆగాల్సి రావచ్చనీ ఉంది. తయారుచేసినవాళ్లకు తెలుసు, అనుమతిచ్చినవాళ్లకు తెలుసు, మీకు తెలుసు. చీమ తలకాయంత అక్షరాల్లో, ఎన్నో మడతలు పెట్టి డబ్బాలో కుక్కిన ఆ కాగితానికి కూడా తెలుసు. తెలియనిదల్లా మింగేవాడికి, రాసేవాడికి. మరి ఆ కాగితంలో మెథడోన్ అని పేరు పెట్టి రాసినప్పుడు, మీ ఫారంలో పేరు పెట్టి అడగడానికి ఏమడ్డొచ్చింది?

అసలు నా కడుపుమంట ఎక్కడంటే, ఈ నాల్‌ట్రెక్సోన్ డీఅడిక్షన్ వాళ్లకు పాత మందే. 1984 నుంచి ఓపియాయిడ్ వ్యసనానికి వాడుతున్నదే. అక్కడ దాన్ని ఎలా ఇస్తారో మీరొకసారి వెళ్లి చూడండి. చివరిసారి ఏం వాడావు, ఎప్పుడు వాడావు అని గుచ్చిగుచ్చి అడుగుతారు. మూత్ర పరీక్ష చేస్తారు. మామూలు ఓపియాయిడ్ అయితే కనీసం ఏడు నుంచి పది రోజులు ఖాళీగా ఉంచుతారు, మెథడోన్ అయితే ఇంకా ఎక్కువ. అప్పటికీ అనుమానముంటే చిన్న పరీక్ష మోతాదు ఇచ్చి చూస్తారు. ఇంత జాగ్రత్త. అదే మందు బరువు తగ్గే మాత్రలోకి వచ్చేసరికి ఒక టిక్ పెడితే కొరియర్‌లో గుమ్మం దగ్గరికి వచ్చేస్తుంది. మోతాదు తక్కువ కదా అన్నారు మీ నిపుణులు. ఆ తక్కువ మోతాదు ఏం చేస్తుందో ఆ రాత్రి మంచం పక్కన నిలబడి చూశాను.

మెడికల్ షాపు వాళ్లు పట్టుకుంటారు కదా అన్నారు. ఎలా పట్టుకుంటారు? మెథడోన్ సెంటర్‌లోనే ఇస్తారు, చీటీ షాపుకు పోదు, వాళ్ల కంప్యూటర్లో కనబడదు. వ్యసన చికిత్స వివరాలు గుట్టుగా ఉంచాలన్న నియమం మంచిదే, నేనూ దాని పక్షమే. ఆ గుట్టు లేకపోతే సగంమంది చికిత్సకే రారు. కానీ గుట్టు పేరు చెప్పి మీరు చేతులు దులుపుకుంటే ఎలా? రికార్డులు కలపమని ఎవరడిగారు? పేషంటును సరిగ్గా అడగమంటున్నాం, అంతే. సరిగ్గా అడిగితే చెప్పేవాడు.

తర్వాతి కథ ఎవరికీ పట్టదు కాబట్టి అదీ చెబుతాను. హాస్పిటల్లో ఉన్నన్ని రోజులు వాడి డోసులు పోయాయి. వరసగా డోసులు పోతే ఒంటికి అలవాటు తగ్గుతుంది కాబట్టి పాత మోతాదు ఇవ్వకూడదు, తక్కువ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. సెంటర్ వాళ్లు చేసింది సబబే. కానీ ఆ తక్కువ డోసుతో వాడు పడ్డ బాధ, పాత స్నేహితుల ఫోన్ నంబర్లు గుర్తొచ్చిన రాత్రులు, ఇవి మీ ఏ నివేదికలోకి ఎక్కుతాయి? ఇలాంటి సమయంలో జారి, పాత అలవాటు కొద్దీ పాత మోతాదు తీసుకున్నవాళ్లే చనిపోయేది. మా వాడు జారలేదు. అది వాడి గొప్పతనం, మీ వ్యవస్థది కాదు.

పైగా సెంటర్‌లో చేసిన మూత్ర పరీక్షలో యాంఫెటమిన్ అనే మత్తు మందు పాజిటివ్ అని వచ్చింది. యాంఫెటమిన్ ఎక్కడిదండీ? బుప్రోపియాన్ వాడినవాళ్లకు ఆ ప్రాథమిక పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చని అదే సమాచార పత్రంలో ఉంది. ఇంకో పద్ధతిలో నిర్ధారణ పరీక్ష చేస్తే తేలిపోతుంది. అది తేలేలోగా, వారాంతానికి ఇంటికిచ్చే డోసులు ఆపేశారు. నమ్మకం సంపాదించుకుని తెచ్చుకున్న సౌకర్యం అది. కౌన్సెలర్ ముందు వాడు తల దించుకుని కూర్చుంటే, ఆ మడతల కాగితం విప్పి పేరా మీద వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది నాకు. వేసుకున్నది ఒక్క మాత్ర!

ఈ మధ్య మీ కార్యాలయం కొత్త పల్లవి ఎత్తుకుంది. ఇప్పుడందరూ బరువు తగ్గే ఇంజెక్షన్లకు మారిపోతున్నారు, ఆ మాత్రల సమస్య దానంతటదే తగ్గుతుందని. సెమాగ్లుటైడ్ లాంటివి ఇలా విత్‌డ్రాయల్ తెప్పించవు, ఒప్పుకుంటాను. వ్యసనం మీద కూడా పనిచేస్తాయేమోనని పరిశోధనలు సాగుతున్నాయి, మంచిదే. కానీ అవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, వికారం, వాంతులు తెస్తాయి. తాగిన కాసేపటికే మెథడోన్ వాంతి అయిపోతే ఎంత లోపలికి పోయిందో ఎవరు చెప్పగలరు? నర్సు కళ్లారా చూడకపోతే మళ్లీ ఇవ్వరు. వాంతులు ఎక్కువై ఒంట్లో పొటాషియం పడిపోతే, గుండె లయను దెబ్బతీసే గుణం మెథడోన్‌కు ముందే ఉంది. మలబద్ధకం రెండింటికీ ఉమ్మడి ఆస్తి. వద్దనడం లేదు, చూసుకుంటూ ఇవ్వమంటున్నాం. చూసుకోవాలంటే ముందు తెలియాలి కదా. మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే వచ్చాం.

కాబట్టి అయ్యా, ఆ ప్రశ్న మార్చండి. "మెథడోన్ గానీ, బుప్రెనార్ఫిన్ గానీ, వ్యసన చికిత్సకు వాడే మరే మందు గానీ, నోటి ద్వారా, నాలుక కింద, ఇంజెక్షన్‌గా తీసుకుంటున్నారా?" అని పేర్లు పెట్టి అడిగించండి. అడిగే ముందు, ఈ జవాబు పోలీసులకు గానీ యజమానికి గానీ వెళ్లదని ఒక వాక్యం రాయించండి. అది లేకపోతే పేర్లు పెట్టినా భయంతో "లేదు" అనేస్తారు. డబ్బా పైన, లోపల కాదు పైన, కనిపించే అక్షరాల్లో హెచ్చరిక వేయించండి. సెంటర్‌లో పేషంట్ల చేతికి జేబులో పెట్టుకునే కార్డు ఒకటి ఇప్పించండి, మంచం మీద మాట రాని స్థితిలో ఉన్నప్పుడు డాక్టర్ చూసుకోవడానికి. ఇవేవీ కుదరకపోతే కనీసం ఆ ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న.

దీనికి చట్టం మార్చక్కర్లేదు, కమిటీ వెయ్యక్కర్లేదు. దయచేసి కమిటీ మాత్రం వెయ్యకండి. మీరు సంతకం పెడితే ఆ క్లినిక్‌లు వాళ్ల వెబ్‌సైట్లో మధ్యాహ్నానికల్లా మార్చేస్తాయి. పండుగ ఆఫర్లు పెట్టడానికి వాళ్లకు అంతకంటే ఎక్కువ సమయం పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ లేఖకు కూడా "తగు చర్య నిమిత్తం" అని జవాబు పంపేటట్లయితే ఈసారి పంపకండి, నా ఫైల్లో చోటు లేదు. ఫారం మార్చిన ఉత్తర్వు ఉంటే, దాని నకలు పంపండి.

ఇట్లు,
సెంటర్‌లో మెథడోన్ తాగే ఒకడి అక్క