అదురు ఎక్కడిదో తేలాకే పానా పట్టాలి

సంపాదకులకు,

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఫలానా వేగంలో అదురుతోందని ఎవరైనా అడిగితే వాహన శీర్షికల్లో తరచుగా కనిపించే జవాబు ఒక్కటే: వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. మామూలు కారుకి చాలాసార్లు అది సరిపోతుంది. బురదలో, రాళ్లలో తిరిగే బండికి సరిపోదు. దానికి ఇరుసులకు శక్తి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టులు ముందొకటి, వెనకొకటి ఉంటాయి, ఇరుసులను మూసి ఉంచే హౌసింగులు రెండుంటాయి, ఇంజిన్ శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మధ్యలో ఉంటుంది. చాలామంది ఎత్తు పెంచి, పెద్ద టైర్లు కూడా వేయించుకుని ఉంటారు. నాలుగుసార్లు బ్యాలెన్సింగ్ చేయించి, టైర్లు మార్చి, షాకబ్జార్బర్లు మార్చాక అసలు దోషి అరిగిన యూజే క్రాస్ (షాఫ్టును కోణంలోనూ తిరగనిచ్చే జాయింటులోని ప్లస్ ఆకారపు ముక్క) అని తేలితే పోయింది డబ్బు ఒక్కటే కాదు. ఈలోగా ఆ క్రాస్ విరిగి ఉంటే, ఊడిన షాఫ్టు తిరుగుతూ బ్రేకు పైపులనూ ఇంధన ట్యాంకునూ కొట్టేది. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేల్చాల్సింది అదురు దేన్ని వెంబడిస్తోందన్నది. బండి వేగాన్నా, ఇంజిన్ వేగాన్నా, యాక్సిలరేటర్ మీది కాలినా? ఐదో గేరులో 80 కి.మీ. వద్ద అదిరితే, అదే 80ని నాలుగో గేరులో పట్టి చూడాలి. అదురు ఏమీ మారకపోతే ఇంజిన్‌నూ క్లచ్‌నూ వదిలేయవచ్చు. తర్వాత ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 90 దాకా వెళ్లి, న్యూట్రల్‌లో వేసి, వేగం తగ్గుతుండగా గమనించాలి. ఇంజిన్ మాత్రం ఆపకూడదు. ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ అందే సాయం పోతుంది. న్యూట్రల్‌లోనూ అదురు ఉంటే టైరు, రిమ్ము, షాఫ్టు బ్యాలెన్సు చూడాలి. న్యూట్రల్‌లో మాయమై, యాక్సిలరేటర్ తొక్కగానే తిరిగి వస్తే షాఫ్టు జాయింటు కోణాలు, పినియన్ (హౌసింగులో షాఫ్టు తిప్పే చిన్న గేరు) బేరింగు, ఇంజిన్‌నూ గేర్ బాక్స్‌నూ మోసే మౌంటింగులు చూడాలి. నిలబెట్టిన బండిలో అదే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) ఇచ్చినా వస్తే అది ఇంజిన్ వైపుదే: ఫ్యాను, మౌంటింగు, లేదా ఛాసిస్‌కి తగులుతున్న సైలెన్సర్ గొట్టం.

కాస్త లెక్క వేసుకుంటే సగం పని తగ్గుతుంది. 75 సెం.మీ. వ్యాసం ఉన్న టైరు చుట్టుకొలత సుమారు 2.35 మీటర్లు. 80 కి.మీ. వేగమంటే సెకనుకు 22.2 మీటర్లు, అంటే టైరు సెకనుకు దాదాపు 9.5 చుట్లు తిరుగుతుంది. క్రౌన్-పినియన్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు తిరిగే చుట్లు, 4.1 అయితే షాఫ్టు సెకనుకు 39 చుట్లు తిరుగుతుంది. టైరు తప్పు సెకనుకు తొమ్మిది పది కుదుపులుగా స్టీరింగులోనో సీటులోనో తెలుస్తుంది. షాఫ్టు బ్యాలెన్సు తప్పితే 39 వస్తాయి. అది కుదుపులా ఉండదు. పాదాల కింద జుమ్మని తిమ్మిరిలా ఉంటుంది, లోపలి అద్దంలో బొమ్మ మసకబారుతుంది. క్రాస్ కోణం తప్పితే చుట్టుకి రెండుసార్లు, అంటే 78. అది ఒంటికి తెలిసేకన్నా చెవికి మోతగా ఎక్కువ తెలుస్తుంది. సెకనుకు ఎన్ని కంపనాలో చూపే ఫోన్ యాప్‌కి పదికీ నలభైకీ తేడా పట్టడం కష్టం కాదు.

ఆఫ్-రోడ్ నుంచి తిరిగొచ్చిన మర్నాడే అదురు మొదలైతే ముందు బండి కింద దూరి రిమ్ముల లోపలి వైపు చూడండి. అక్కడ ఒక పక్కన ఎండిన బురద గడ్డ ఒక్కటి చాలు, బ్యాలెన్సు పాడవడానికి. నీళ్ల ప్రెషర్‌తో కడిగేటప్పుడు ఆ ధారను హబ్ సీళ్ల మీదికీ యూజే క్రాస్ సీళ్ల మీదికీ పట్టకూడదు. ఇసుకలో గాలి తగ్గించి నడిపి ఉంటే టైరు రిమ్ము మీద కాస్త జరిగి ఉండవచ్చు. పాత బ్యాలెన్సు బరువులు అప్పుడు తప్పు చోట ఉన్నట్టే. రిమ్ము అంచు పక్కన టైరు గోడ మీద ఒక సన్నని గీత ఉంటుంది. చుట్టూ అది ఒకే దూరంలో లేకపోతే టైరు సరిగా కూర్చోలేదు. చక్రాన్ని జాకీ మీద లేపి, ఒక పుల్లను కదలకుండా నిలబెట్టి, టైరును చేత్తో తిప్పండి. ఎత్తుపల్లాలు 1.5 మి.మీ. దాటితే ఎన్ని బరువులు అంటించినా ప్రయోజనం ఉండదు. ముందు టైర్లు వెనక్కి మార్చినప్పుడు అదురు స్టీరింగు నుంచి సీటుకి మారితే అక్కడితో వెతుకులాట ముగిసినట్టే.

ఇక షాఫ్టు. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, న్యూట్రల్‌లో వేసి, క్రాస్‌ని రెండు పక్కలా పట్టి ఉంచే కొమ్ముల్లాంటి యోక్‌లను చేత పట్టి ఒకదానికొకటి వ్యతిరేకంగా తిప్పండి. రవ్వంత ఆట (వదులు) ఉన్నా ఆ క్రాస్ పని అయిపోయింది. క్రాస్ నాలుగు కొసల మీది బేరింగు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది. అయితే ఆట లేనంత మాత్రాన క్రాస్ బాగున్నట్టు కాదు. బిగుసుకుపోయిన క్రాస్‌లో ఆట అసలు ఉండదు. షాఫ్టు విప్పి చేత్తో వంచి చూస్తేనే ఒక దిక్కున గరగరమంటూ ఆగి ఆగి కదలడం తెలుస్తుంది. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు సీళ్ల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే నాలుగో కప్పు ఎండుగానే ఉంది. షాఫ్టు గొట్టం మీద రాయి తగిలిన సొట్ట ఉందా, వెల్డు చేసిన బ్యాలెన్సు ముక్క ఊడిన మచ్చ ఉందా అన్నది కూడా తడిమి చూడాలి.

స్ప్లైన్లకు (షాఫ్టు రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి జరిగే పళ్ల గాడులకు) గ్రీజు పెట్టడానికి షాఫ్టును రెండుగా లాగి మళ్లీ జోడించిన తర్వాత అదురు మొదలైందంటే మొదట అనుమానించాల్సింది ఆ జోడింపునే. ఒకే క్రాస్ ఉన్న జాయింటు కోణంలో తిరిగేటప్పుడు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. 10 డిగ్రీల కోణంలో ఆ హెచ్చుతగ్గు చెరో వైపు సుమారు 1.5 శాతం. షాఫ్టు రెండు చివరల యోక్‌లూ ఒకే వరుసలో ఉంటే రెండో క్రాస్ మొదటిదాని హెచ్చుతగ్గును కొట్టివేస్తుంది. ఒక్క పన్ను అటు ఇటు అయినా ఆ లెక్క చెడుతుంది. విప్పకముందు రెండు ముక్కల మీదా, షాఫ్టు బిగించే పినియన్ ఫ్లాంజి మీదా పెయింటుతో గుర్తు పెట్టడానికి నిమిషం పట్టదు.

ఎత్తు పెంచిన బండిలో ఇదే తప్పు ఇంకో దారిన వస్తుంది. షాఫ్టు రెండు చివరల జాయింటు కోణాలు సమానంగా ఉండాలి. తేడా ఒక డిగ్రీ దాటకూడదు. ఒక్కో జాయింటు కోణం 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. సున్నా కూడా మంచిది కాదు, ఎందుకంటే సూది రోలర్లు కదలక ఒకేచోట గుంట పెడతాయి. వెనక షాఫ్టుకి ట్రాన్స్‌ఫర్ కేసు వైపు డబుల్ కార్డన్ జాయింటు (రెండు క్రాస్‌లు పక్కపక్కనే ఉండేది) వేస్తే లెక్క మారుతుంది. అప్పుడు పినియన్ నేరుగా షాఫ్టు వైపు చూడాలి, అదీ ఒకటి రెండు డిగ్రీలు కిందికి. తొక్కినప్పుడు హౌసింగు ముక్కు పైకి లేస్తుంది కనుక ఆ జాగా ఉంచాలి. కమాను పట్టీల బండికి కోణపు షిమ్ములతో (వాలు పలకలతో), కాయిల్ స్ప్రింగుల బండికి హౌసింగును పట్టి ఉంచే, సర్దుబాటు చేసుకునే ఆర్ములతో దీన్ని దిద్దుతారు. కోణం కొలిచేటప్పుడు బండి బరువంతా చక్రాల మీదే ఉండాలి. హౌసింగు వేలాడుతుండగా కొలిచిన కోణం రోడ్డు మీది కోణం కాదు.

ముందు షాఫ్టా వెనకదా? ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్బులున్న బండిలో హబ్బులు విడిపించి 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి అందే స్థితిలో) నడపండి. ముందు షాఫ్టు ఆగిపోతుంది. అదురూ ఆగితే దోషి దొరికినట్టే. హబ్బులు లేని పార్ట్ టైమ్ బండిలో (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చేదానిలో) ముందు షాఫ్టు విప్పి 2హెచ్‌లో నడపవచ్చు. వెనక షాఫ్టు విప్పితే జాగ్రత్త: పార్కింగ్ గేరు వెనక చక్రాలను పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక చేతి బ్రేకు ఉండే బండికి అదీ పనిచేయదు. షాఫ్టు చివర కేసులోకి జారి కూర్చునే స్లిప్ యోక్ ఉన్నచోట ఆయిలు కారుతుంది. పార్ట్ టైమ్ బండిని ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే స్థితిలో) తిప్పితే వచ్చే బిగుతునూ కుదుపునూ అదురుగా పొరబడవద్దు.

షాఫ్టు బ్యాలెన్సే తప్పిందని తేలితే మొదట పినియన్ ఫ్లాంజి దగ్గర షాఫ్టును 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడండి. తగ్గకపోతే గొట్టం మీద నాలుగు పావులుగా గుర్తులు పెట్టి, ఒక హోస్ క్లిప్పు (స్క్రూతో బిగించే ఇనుప పట్టీ) స్క్రూను ఒక్కో గుర్తు దగ్గర ఉంచి నడపండి. తగ్గిన చోటు దొరికాక రెండో క్లిప్పు జోడించి, ఆ గుర్తుకి అటూ ఇటూ సమంగా జరుపుతూ సరిచేయాలి. ఇది రోగం పట్టుకునే పద్ధతి మాత్రమే; శాశ్వత మరమ్మతు బ్యాలెన్సింగ్ యంత్రం మీదే.

ఒక్క అదురు వీటన్నిటికీ వేరు. ముందు సాలిడ్ హౌసింగు ఉన్న బండి వేగంలో చిన్న గుంటలో పడగానే ముందు చక్రాలు రెండూ పిచ్చెత్తినట్టు ఊగి, స్టీరింగు చేతిలోంచి గుంజుకుంటుంది. దీనికి స్టీరింగు డ్యాంపరు (ఊపును అణిచే భాగం) మార్చడం సరైన వైద్యం కాదని గట్టిగా చెప్పాలి. కొత్త డ్యాంపరు కొన్నాళ్లు రోగాన్ని కప్పుతుంది, ఆ కొన్నాళ్లలో వదులైన భాగం ఇంకా వదులవుతుంది. చూడాల్సినవి హౌసింగు పక్కకి జరగకుండా పట్టే పన్‌హార్డ్ రాడ్ బుష్షులు, దాని బోల్టు తొలిచిన రంధ్రాలు, ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు, చక్రం పక్కకి తిరిగే చోటి బాల్ జాయింట్లు లేదా కింగ్ పిన్ బేరింగులు, ఎత్తు పెంచాక తగ్గిపోయిన కాస్టరు కోణం (చక్రం పక్కకి తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం). ఒకరు ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద నుంచి ఒక్కో జాయింటు మీద చెయ్యి ఉంచి ఆట పట్టవచ్చు. రోడ్డు మీద ఆ ఊపు మొదలైతే స్టీరింగును గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా బ్రేకు వేసి వేగం తగ్గించాలి. వేగం బాగా పడిపోయేదాకా అది ఆగదు.

ఇట్లు,
ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల మరమ్మతు తెలిసిన ఒక పాఠకుడు